పంపు వాపసు ఇచ్చిపో

జర గాలి తగ్గియ్యనీ.
గట్టి టైరు రాయిని గుద్దుకుంటది,
మెత్తటి టైరు రాయిని అడుగుతది.
నీది పన్నెండు గేర్ల సైకిలైనా
నా బొటనవేలికి అన్ని టైర్లూ ఒక్కటే.

చందంపేట దాటినంక తారు నిన్ను ఇడిసిపెడతది.
చెప్పి పోదు. ఒక కల్వర్టు కాడ
దానంతట అదే ఆగిపోతది,
మాట నడుమ మాట మరిచిన ముసలాయన లెక్క.
ఆడికెళ్లి మొరం.
ఎర్రటిది మంచిది, కుదురుకున్నది.
తెల్లటిది పలుగురాయి, మొన్న పోసిండ్రు,
బిల్లు పాసైంది గని రోలరు రాలే.
ఆడ హ్యాండిలు బిగించి పట్టకు.
ఇంటికి మళ్లిన బర్రె పలుపు పట్టినట్టు
వదులుగ పట్టు. తొవ్వ దానికి తెలుసు.

కుడిదిక్కు బత్తాయి తోటలొస్తయి.
మూడు పచ్చగుంటయి, నాలుగోది ఎండుకట్టె.
అది మా బామ్మర్ది సైదులుది.
పదకొండు బోర్లు ఏసిండు,
పదకొండోదాంట్ల దుమ్ము లేసింది.
ఆడ ఆగి ఫోటో తియ్యకు.

తర్వాత గుట్ట.
పెద్దదేం కాదు, పటంల పేరు కూడ లేదు,
మేమైతే ఎద్దుమూపురం అంటం.
దూరంకెళ్లి చూస్తె నీకు నవ్వొస్తది,
ఎక్కుతుంటె ఆ నవ్వు అది నవ్వుతది.
కూసొనే తొక్కు. లేసి నిలబడితె
ఎనక చక్రం రాళ్లను తంతది, ముందుకు పోదు.
నలభై ఏండ్ల కింద కిరోసిన్ డబ్బా కట్టుకొని
నేను దీన్ని ఎక్కిన.
గేరంటె అప్పుడు లారీకుండేది.
సగంల దిగి నూకిన. సిగ్గేం లేదు.
దిగి నూకెటోనికే తెలుస్తది
ఏ రాయి కింద తేలున్నదో,
ఏ పొదల పరికిపండ్లు మాగినయో.

దిగేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకు.

రేకులగడ్డ తండా కాడ కుక్కలు మూడు.
నల్లదానికి సైకిలంటె పాత పగ.
జమ్కూ అని ఒక్క కేకెయ్యి,
ఆమె బయటికొస్తది, కుక్క పండుకుంటది.
జొన్నరొట్టె పెడితె కాదనకు.
నీళ్లు మాత్రం వాననీళ్ల డ్రమ్ముయి అడుగు,
బోరుయి వద్దు.
మా అన్న మోకాళ్లు వంచినయి ఆ నీళ్లే.

డిండి వాగు.
నీ ఫోన్ల నీలిగీత, నిజంల ఇసుక.
ట్రాక్టరు జాడ పట్టకు, దిగబడతవు.
సైకిలు భుజాన ఏసుకో,
ఇంతసేపు నిన్ను మోసింది గద.

ఆఖరికి బాట కృష్ణల దిగుతది.
రోడ్డు అయిపోయిందంటది నీ ఫోను.
అయిపోలే.
నీళ్ల కిందికెళ్లి పోతాంది.
డ్యాం కట్టకముందు మా నాయిన
దాని మీద పల్లికాయ బండి తోలిండు.
ఒక ఎండకాలం నీళ్లు బాగ గుంజినయి.
నేను సైకిలు తీస్కొని పోయిన.
పరుపుబండ మీద బండి చక్రాల గాడులు, రెండు.
నా ముందు చక్రం ఒకదాంట్ల పెట్టిన.
సరిగ్గ పట్టింది.
కొంచెం దూరం తొక్కిన. ఎంత దూరమో చెప్ప.
బురద మొదలైంది, మళ్లిన.
చైన్ల ఒక నత్తగుల్ల ఇరికున్నది,
ఇంటికొచ్చినంక చూసిన.

ఇప్పుడు నీళ్లు నిండుగున్నయి, ఏం కనబడదు.
అయినా జరసేపు
బ్రేకు మీద చెయ్యేసి నిలబడు.

ఇగో, ఈ పంపు తీస్కపో.
ఇత్తడిది, తోలు వాషరు మొన్ననే మార్చిన.
నీ నాజిలుకు పట్టదంటవా?
రబ్బరుముక్క పెట్టిన, పడతది.
పైసలొద్దు.
చీకటి కాకముందు వాపసియ్యి.
నేను షట్టరు దించినా
ఎనక ఇంట్ల మా లచ్చువమ్మ ఉంటది.
తొవ్వ ఎట్లున్నదని అడుగుతది నిన్ను.
ఆ గుట్ట దాటి ఆమె ఎన్నడూ పోలే.
మెల్లగ చెప్పు.